ఊ అంటే ఔనని కాదు

మా వైపు ముసలోళ్ళకు ఒక అలవాటుంది. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఏమడిగినా ‘ఊ’ అంటారు. అన్నం తిన్నావా అంటే ఊ. తినలేదా అంటే దానికీ ఊ. హిందూపురంలో నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పే నాకు ఈ ‘ఊ’తో పెద్ద తలనొప్పి. సూది వేసేముందు రోగి ఎవరో తేల్చుకోవాలి, పేరు మనం చెప్పకూడదు, వాళ్ళ చేతే చెప్పించాలి అని గొంతు చించుకుంటాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. వార్డులోకి పోగానే "ఫలానా అవ్వ నువ్వేనా?" అని అడిగి, ఊ అనిపించుకుని, సూది ఎత్తుతారు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఇలా కాదని చీటీలాట పెట్టాను. రాజు, మంత్రి, దొంగ, పోలీసు ఆట అందరికీ తెలిసిందే. మేం దొంగ బదులు ‘ఊ అవ్వ’ను, పోలీసు బదులు నర్సును పెట్టుకున్నాం. ఆ చీటీ వచ్చిన పిల్ల మంచం మీద పడుకుని అన్నిటికీ ఊ కొట్టాలి. నర్సు చీటీ వచ్చిన పిల్ల ఆ అవ్వ నోటి నుంచి పేరు రాబట్టాకే పక్కన పెట్టిన రబ్బరు బొమ్మ చేతికి సూది వెయ్యాలి. తొందరపడిందా, క్లాసంతా "పాయె!" అని అరుస్తుంది. ఓడిన పిల్ల అందరి ముందూ డాన్సు చెయ్యాలి.

ఆ బ్యాచిలో ధర్మవరం పిల్ల ఒకతె. పట్టుచీరలు నేసే ఇల్లు. ప్రాక్టికల్ పరీక్ష అప్పటికే ఒకసారి తప్పింది. రోగి ముందు నిలబడితే గొంతులో వెలక్కాయ పడ్డట్టే, మాట బయటికి రాదు. "ఈసారీ తప్పితే సదువు సాలు, వచ్చి మగ్గం కాడ కూర్చో అన్నాడు మేడం మా నాయన," అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆటలోనూ ఎప్పుడూ ఓడిపోయేది.

ఒకరోజు ఆ పిల్లకు ఊ అవ్వ చీటీ వచ్చింది. అబ్బబ్బ, ఏం అవ్వ! దుప్పటి కప్పుకుని, నోరు బోసి చేసి, ఒకరి తర్వాత ఒకరిని బోల్తా కొట్టించింది. నవ్వలేక చచ్చాం. చివరికి ఒకతె విసుగెత్తి "నీకు ఇనపడదా ఏందే?" అనేసరికి దుప్పట్లో నుంచి ఒక కేక.

"ఇనపడదు! మా అవ్వకు సెవుడు. ఎవురికీ తెలీకూడదని ఊ అంటాది!"

కిటికీ అద్దాలు అదిరాయి. "ఇంత గొంతు యాడ దాచిపెట్టినావే?" అన్నాను. మగ్గాల చప్పుడులో వాళ్ళింట్లో అందరూ అరిచే మాట్లాడుకుంటారట. హాస్టల్‌కు వచ్చిన కొత్తలో తోటి పిల్లలు ‘మైకు’ అని ఎగతాళి చేస్తే నోరు మూసుకుందట. ఆ పేరు పెట్టినవాళ్ళ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. "చెవిటి అవ్వలకు కావాల్సింది ఈ గొంతే. ఇకమీదట గొణిగినావో, వీపు పగులుతాది," అన్నాను.

పరీక్ష పెనుకొండ ఆస్పత్రిలో పెట్టారు. పిల్లల వెంట నేనూ పోయాను. పరీక్ష చెయ్యడానికి బయటి ఊరి నుంచి వచ్చిన మేడం ముఖంలో నవ్వన్నదే లేదు. ఒక మంచం చూపించి, అవ్వకు సూది వెయ్యమంది. మా పిల్ల వంగి, "అవ్వా! నీ పేరేంది?" అని కేకేసింది. వార్డంతా ఇటు తిరిగింది. అవ్వ ఒక పేరు చెప్పింది. మంచానికి తగిలించిన కాగితంలో ఉన్న పేరు అది కాదు.

"ఆమేలే, ఇందాక నేనే అడిగాను. టైం అవుతోంది, వేసెయ్," అంది మేడం.

పిల్ల సూదిని ట్రేలో పెట్టేసింది.

"వెయ్యను మేడం. ఈమె కాదు."

అవ్వ లేచి కూర్చుంది. "నాకేం రోగం తల్లీ? మా చెల్లెలు బాత్రూంకు పోయిండాది. నడుం నొప్పని ఇట్ల ఒరిగినా."

"మరి ఇందాక నేనడిగితే ఊ అన్నావే!" అంది మేడం.

"డాక్టరమ్మ అడిగితే కాదంటానా తల్లీ?"

మేడం నవ్వింది. ముందు కొంచెం, తర్వాత ఆపుకోలేక. చెల్లెలు వచ్చాక ఆమె చేత పేరు చెప్పించుకుని పిల్ల సూది వేసింది. "పాసైనట్టే, పో," అంది మేడం.

బస్టాండుకు రాగానే పిల్ల ఫోన్ తీసింది. "నాయనా, పాసైనా! మగ్గం కాడికి రాను, ఈడే ఉంటా!" బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా విన్నారు. పిల్ల ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఏడవద్దు నాయనా," అంది.