మాబున్ని తెచ్చిన బండముక్క

మొన్న ఇంట్లో బండలు పరిపిస్తుంటే తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగిలి, చేతిలో పని వదిలేసి కూర్చుండిపోయాను. బేతంచెర్లలో నా చిన్నతనమంతా ఆ వాసనే. బండలు కోసే మిషన్ల దగ్గర నుంచి కాలువ కట్టి పారే తెల్లటి నీళ్లు, ఎండాకాలంలో అవి ఆరిపోయి గాలికి లేచే దుమ్ము, మధ్యాహ్నం మేం విప్పుకునే సద్దరొట్టె మీద కూడా పలుచగా పడే ఆ దుమ్మే.

నాయన పని కోసం బద్వేలు నుంచి అక్కడికి వచ్చినప్పుడు నాది మూడో తరగతి. ఆ ఊళ్లో నాతో మాట్లాడింది మాబున్ని ఒక్కతే. బడిలో నా పక్కనే కూర్చునేది, రంజానుకు గిన్నె నిండా సేమియా తెచ్చి ముందు నాకే పెట్టేది, తొక్కుడుబిళ్లలో నన్ను ఓడనిచ్చేది కాదు. ఆ పిల్ల రాని రోజు నాకు దిక్కుతోచేది కాదు.

ఆకారాలు నేర్పడానికి మా సారు పుస్తకం తెరిచేవాడు కాదు. ఇళ్ల దగ్గర పడి ఉన్న బండముక్కలు తెమ్మని, త్రిభుజాలు ఒక కుప్ప, చతురస్రాలు ఒక కుప్ప, దీర్ఘచతురస్రాలు ఒక కుప్ప, ఏవీ కానివి ఒక కుప్ప పోయించేవాడు. ఒకరోజు మాబున్ని, మిషన్ మీద పనిచేసే వాళ్ల నాయన తన కోసమే కోసి నున్నగా పాలిష్ పట్టి ఇచ్చిన ముక్కను తెచ్చి, మురిసిపోతూ చతురస్రాల కుప్ప మీద పెట్టింది.

మా నాయన ఫ్యాక్టరీలో కొలతలు చూసేవాడు. ఎదురెదురు మూలలకు దారం పట్టి, మళ్లీ మిగిలిన రెండు మూలలకూ పట్టి, రెండుసార్లూ ఒకే పొడవు వస్తేనే బండను ఒప్పుకునేవాడు. నేనూ జడ రిబ్బను విప్పి అట్లాగే కొలిచాను. తేడా వచ్చింది. నా తెలివి నలుగురికీ చూపించుకోవాలన్న ఉబలాటం ఆగలేదు.

"సార్, ఇది చతురస్రం కాదు సార్. మూలలు వంకరుండాయి."

సారు తనూ కొలిచి, "శానా బాగా కనిపెట్టినావు పాపా," అంటూ ముక్కను ఏవీ కానివాటిలో వేసి, అందరితో చప్పట్లు కొట్టించాడు. మాబున్ని కొట్టలేదు.

"మా నాయన కోసింది పనికిరాదంటావా? ఇంగ నీ పక్కన కూచోను పో," అని వెనక వరసలోకి వెళ్లిపోయింది.

మర్నాడు బతిమాలాను, నా బొరుగులుండ ఇవ్వబోయాను, తల తిప్పుకుంది. ఏడాది తిరక్కముందే వాళ్లు కోయిలకుంట్లకు వెళ్లిపోయారు. పోతూ నాకు చెప్పలేదు.

ఇప్పుడు నేనూ చిన్నపిల్లలకు ఆకారాలు చెబుతున్నాను. బండముక్కలు పోయాయి. డబ్బాలో వచ్చే రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు అన్నీ అచ్చుపోసినవే, ఏ మూలా తేడా రాదు. పిల్లలు నిమిషంలో కుప్పలు పోసేస్తారు. తగవుల్లేవు, అలకల్లేవు, ఇంటి నుంచి ఎవరూ ఏమీ తేరు. మాబున్ని ఎక్కడుందో తెలియదు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే, చిన్ననాటి స్నేహితురాలని చెప్పుకోవడానికి నాకూ ఒకరు ఉండేవారు.