వెనక గోడ మీద గోంగూర ఆకులు

పదకొండేళ్లు నా సాయంత్రాలన్నీ ఒక బకెట్టు చుట్టూ తిరిగాయి. మా ఆయన మాణిక్యం పని నుంచి రాగానే టీ తాగి, దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లోని మా ఒంటిగది వంటింటి గడపలో కూర్చుని జిప్సం అచ్చులు పోసేవాడు. చివరి అచ్చు పోయగానే బకెట్టు నా వైపు తోసేవాడు. అడుగున మిగిలిన తెల్లపిండి గట్టిపడక ముందే కొబ్బరిపీచుతో తోమేయాలి. కాస్త ఆలస్యమైతే రాయే. ఆయన ఏ విషయానికీ కసిరేవాడు కాదు, బకెట్టు కడగకపోతే మాత్రం ఊరుకునేవాడు కాదు.

మొన్నటిదాకా ఆ బకెట్టు బోర్లించే ఉంది. ఆయన పోయి రెండు నెలలైంది.

ఆయనది నరసాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ కొత్త ఇళ్ల ముందు సిమెంటుతో తామరపూలు, పావురాలు చేసేవాడు. దుబాయ్ వచ్చాక జిప్సం పని పట్టుకున్నాడు. ఎన్ని విల్లాల్లో, ఎన్ని పెళ్లి హాళ్లలో పైకప్పుకి పూలు అల్లాడో ఆయనకే లెక్క తెలియదు. ఎక్కడా పేరు ఉండదు. చివరిరోజు కూడా సైట్లోనే నిచ్చెన దిగి కూర్చుని, మంచినీళ్లు అడిగాడట. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదట.

ఆఖరి పని దుబాయ్ దేరాలో ఒక పెద్ద హోటలు. దాని ఓనరు ఇటలీలో ఒక పాత చర్చి చూసి మనసు పారేసుకున్నాడు. అది ఒకప్పుడు కన్యస్త్రీల మఠానిది. ఇప్పుడు మఠమూ లేదు, ప్రార్థనలూ లేవు, కచేరీలు జరుగుతాయట. అచ్చం అలాంటి హాలే కట్టమన్నాడు. ఆ ఫోటోలు మా ఆయన తన ఫోన్లో నాకు చూపించేవాడు. నీలం రంగు కప్పు. దాన్ని పక్కటెముకల్లా పట్టుకున్న కమానులు, అవి కలిసేచోట బంగారు నక్షత్రం. గోడల నిండా రంగుల బొమ్మలు. హాలు మధ్యలో ఒక అడ్డగోడ. ముందు పక్క ఊరి జనం, వెనక పక్క కన్యస్త్రీలు. గోడలోని చిన్న జాలీ కిటికీలోంచే వాళ్లు ప్రార్థన వినేవారట.

"ఇది చూడు మంగా," అని ఒకరోజు ఫోటో పెద్దది చేశాడు. "జనం కూకునే పక్క కంటే ఎనక పక్కే ఎక్కువ పనుంది."

"ఎవరూ చూడని చోట ఎందుకండీ అంత పని?"

"ఎవరూ చూడకపోడవేంటి? ఆళ్లు చూత్తారు కదా! బయటికెళ్లనోళ్లకి గోడేగా ఊరు."

హోటల్లో ఆ వెనక పక్క అంట్లు తోమే గది. ప్లానులో అక్కడ ఉట్టి తెల్లగోడే. ఆయన మాత్రం నూనె డబ్బాలో నేను పెంచే గోంగూర మొక్క నుంచి ఒక ఆకు తుంచి, మట్టిలో దాని రూపు తీసి, రబ్బరు అచ్చు చేశాడు.

"ఫోటోలో ఉన్నది ద్రాక్షాకండీ!"

"అక్కడ అంట్లు తోమేది మనోళ్లే. ద్రాక్షాకు ఆళ్లకేం తెలుత్తుంది? గోంగూరైతే చూడగానే తెలుత్తుంది."

ఆ తెల్లగోడకి నలభై ఆకుల దండ అనుకున్నాడు. ఇరవైతొమ్మిది అతికించాడు.

ఆయన్ని ఊళ్లో సాగనంపి, గది ఖాళీ చేయడానికి నేను తిరిగొచ్చాను. వచ్చిన మూడోరోజు, ఆయనతో పని చేసిన జగిత్యాల రత్నాకర్ ఫోన్ చేశాడు.

"వదినా, అన్న జేసిన దండ మీద బోర్డు కొట్టి కప్పేస్తరట. రమీజ్ భాయ్ జెప్పిండు."

మర్నాడు పొద్దున్నే రత్నాకర్‌తో కలిసి బస్సెక్కాను. ఇన్నేళ్లలో ఆయన పని చేసే చోటికి వెళ్లడం అదే మొదలు. సూపర్‌వైజర్ రమీజ్‌ది హైదరాబాదు. నన్ను చూసి కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

"భాభీ, బురా అనుకోకుండ్రి. ఎల్లుండి ఓనర్ వస్తుండు. సగం దండ చూపెట్టి నేను తిట్లు తినాల్నా? బోర్డు కొట్టేస్త, ఖలాస్."

"సగం కాదు, పదకొండు ఆకులే తక్కువ. నేను పోసి తెత్తాను."

"మీరా?" అని నవ్వాడు. "ఇటలీ చర్చిల మాణిక్యం భాయ్ గోంగూర పెట్టిండు. భాభీ వచ్చి పచ్చడి నూరుతదా ఇగ?"

రత్నాకర్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. నాకు నవ్వు రాలేదు.

"రేపు సాయంత్రం దాకా ఆగండి. తేలేకపోతే మీ బోర్డు నేనే పట్టుకుంటాను, మేకులు కొట్టుకోండి."

రమీజ్ దండ వైపు ఒకసారి చూశాడు. "ఐదు దాకా. మళ్ల నన్ను అడగొద్దు."

ఇంటికొచ్చి, బకెట్టులో నీళ్లు పోసి, పొడి వేసి, గారెల పిండిలా గిలక్కొట్టాను. ఎంత కొడితే అంత తేలికవుతుందనుకున్నాను. అచ్చులో పోసేలోపే గడ్డకట్టింది. రెండోసారీ అంతే. ఇన్నేళ్లూ కడగడమే తప్ప ఒక్కనాడూ కలపలేదు. సగం బస్తా మిగిలింది. గడ్డల్ని గోకి పారేసి, కొబ్బరిపీచుతో బకెట్టు తోమాను. రోజూ తోమేటప్పుడు అడుగున చేతికి ఏం తగిలేదో అప్పుడు గుర్తొచ్చింది. నిమ్మగింజలు. పని మొదలుపెట్టే ముందు "మంగా, నిమ్మచెక్క" అని అడిగేవాడు. టీలోకి అనుకునేదాన్ని.

నీళ్లలో నిమ్మకాయ పిండాను. పొడి చల్లి, అది తనంతట తాను మునిగేదాకా ఆగాను. చేత్తో మెల్లగా తిప్పాను. ఈసారి గడ్డకట్టలేదు, మెత్తగానే ఉంది. అచ్చుకి నూనె రాసి పోశాను. మర్నాడు మధ్యాహ్నానికి పదకొండు ఆకులయ్యాయి.

నాలుగున్నరకి రత్నాకర్ నిచ్చెన మీద, నేను కింద. ఒక్కొక్క ఆకే అందించాను. రమీజ్ వచ్చి బొటనవేలితో దండ పొడవునా తడిమాడు. ఒక ఆకు దగ్గర ఆగాడు.

"ఇది మీది. బుడగ ఉన్నది."

"తీసేసి ఇంకోటి పోత్తాను."

"ఉండనీ భాభీ." వెనక్కి తిరిగి బోర్డులు మోసుకొచ్చిన మనిషిని కేకేశాడు. "యల్లా, జల్ది! అవి ముందర హాలుకి తీస్కపో!"

గదికి వచ్చేసరికి బకెట్టు గడపలో, నేను వదిలేసిన చోటే ఉంది. ఆఖరి ఆకు పోసి, తోమకుండా బస్సుకి పరుగెత్తాను కదా, అడుగున తెల్లగా బిగుసుకుపోయింది. బోర్లించి సుత్తితో నాలుగు దెబ్బలేస్తే పెచ్చులూడొస్తుంది. ఆయన పనిముట్ల సంచిలోంచి సుత్తి తీశాను. పిండిలో ఒక నిమ్మగింజ సగం బయటికి కనిపిస్తోంది.

సుత్తి మళ్లీ సంచిలో పడేశాను. బకెట్టుని అలాగే, ఊరికి వెళ్లే సామాను పక్కన పెట్టాను.