తోసే సైకిల్

మా తమ్ముడు మెట్లు రెండేసి రెండేసి దూకి దిగేటోడు. పొద్దున్నే ఆ ధబధబ వింటే నాకు ఒళ్లు మండేది. నేను మంచం మీద కూచోని మోకాళ్లకు వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకుంటాంటే, వాడు అప్పటికే వీధి చివర ఉండేటోడు. నాకంటే ఏడాదిన్నర చిన్నోడు. దేవుడు కాళ్లు పంచేటప్పుడు నా వంతు గూడా వానికే పోసినాడని నా ఏడుపు.

నాకు పదహైదేండ్లప్పుడు జ్వరమొచ్చె. జ్వరం పాయె గాని, కీళ్లను మాత్రం వదల్లేదు. కీళ్లవాతం, ఇది ఉంటాది, మందులేసుకుంటా బతకాల అన్నాడు డాక్టరు. మా బళ్లారి మైసూరు రాష్ట్రం కిందికి పోయిన కొత్తలు అవి. ఒకనాడు బాగనే నడుస్తాంటి. ఇంకోనాడు దేన్నైనా పట్టుకోనిదే నాలుగడుగులు పడేవి కాదు. పైకి చూస్తే ఏమీ కనపడదు, గుండ్రాయి మాదిరి ఉంటి.

మాది బజారులో గుడ్డలంగడి. పెద్దోన్ని నేను. హైస్కూలు అయిపోతానే నాయన పక్కన గద్దె మీద కూచునేది నేనే అని చిన్నప్పట్నించీ అంటాండ్రి. కానీ మా బజారు సంగతి నాకు తెలీదా? ఒక్కసారి 'కుంటోడు' అని పేరు పడితే, చచ్చినాక గూడా ఆ పేరుతోనే తలుచుకుంటారు. అందుకే ఇస్కూలుకు పోవాల, నా కాళ్ల సంగతి ఎవరికీ తెలీకుండా పోవాల. లేకుంటే ఆ గద్దె తమ్మునిది. మా చిన్నాయన అప్పటికే "చిన్నోడు చురుకు, వాన్ని అలవాటు చెయ్యన్నా" అని నాయన చెవి కొరుకుతాండె.

మొదట అవ్వ జట్కా మాట్లాడె. ఎవరూ చూడగూడదని పరదా గూడా దింపించె. ఇస్కూలు గేటు కాడ ఆగినామో లేదో, ఒకడు అరిచె: "లోపల ఎవరప్పా, పెండ్లికూతురా?" ఇంకేముంది, గేటు గేటంతా నవ్వు. మర్నాడు చంపినా జట్కా ఎక్కనంటి.

తర్వాత నాయన తన గొడుగు ఇచ్చె. మంచి గొడుగు, పొడుగు కర్రది. మా ఊరి ఎండకు గొడుగు పట్టుకున్నోన్ని ఎవరూ ఏమీ అనరు. మూసి ఊతగా పెట్టుకుంటి. కొన్నాళ్లు బాగనే గడిచె. ఒకనాడు ఇస్కూలు కాడ ఎత్తు ఎక్కుతాంటే కర్ర విరిగి, బజారోళ్లు చూస్తాండంగానే బోర్లా పడితి. తమ్ముడు పరిగెత్తుకోని వచ్చి, నా పుస్తకాలు ఏరుతా, అందరికీ వినపడేటట్లు "ఛీ, ఈ గొడుగులు నమ్మేదానికి లేదు!" అనె. జనం గొడుగును తిట్టుకుంటా పాయిరి. నన్ను కాపాడినాడని సంతోషపడాల గదా? ల్యా. ఆ తెలివి గూడా వానికే ఉండాల్నా అని కడుపు మండె.

సైకిల్ ఉపాయం నాయనది. గద్దె మీద కూచోని దినమంతా బజారు చూసే మనిషి. "మూట కట్టిన సైకిల్‌ను ఎవడూ తొక్కడు, తోస్తాడు. ఎందుకు తోస్తాండావని ఎవడూ అడగడు" అనె. ఒక పాత సైకిల్ తెచ్చి, వెనక క్యారియర్ మీద చిరిగిన బొంతను చుట్టి, పైన అంగడి గుడ్డ కప్పి, తాళ్లతో బిగించి కట్టె. చూసినోళ్లకు అది దర్జీకి పోయే సరుకు. నేను హ్యాండిల్ మీద బరువేసి నడిచేది, నొప్పి ఎక్కువైతే బ్రేకులు పట్టుకోని నిలబడేది. అబ్బా, ఏం సుఖమో! గోడ నా పక్కనే నడుస్తాండేటట్లు ఉండె.

ఇంకో సుఖం గూడా చెప్తా. మా క్లాసులో సైకిల్ ఉండేది నాకొక్కనికే. "యాకో, హత్తల్ల?" అంటాండ్రి కన్నడ పిల్లోళ్లు, ఎందుకురా ఎక్కవు అని. "మూట కనపడల్యా?" అంటాంటి. వాళ్లు కండ్లప్పగించి బెల్లు మోగించి చూస్తాంటే, నన్ను చూసి కుళ్లుకునేటోళ్లు గూడా ఉండారే అని లోపల్లోపల మురిసిపోతాంటి.

ఆ మురిపెం ఆదివారం దాకానే. సెలవు కాబట్టి ఆ దినం సైకిల్ తమ్మునికి ఇయ్యాలని నాయన అనె. వాడు మా బజారోళ్లకు తెలీకుండా, అవతలి పేటలో బాడుగ సైకిళ్ల మీద ఎప్పుడో నేర్చుకోనుండాడు, చేతులు వదిలి గూడా తొక్కుతాడు. వాడు ఇంటి కాడ సైకిల్ తీస్కోని పోయినప్పటి నించి నేను అంగట్లో కూచోని ఉడికిపోతాంటి. ఇప్పుడు ఊరవతల మోక పల్లెకు పోయే దారిలో ఉంటాడు, ఇప్పుడు చొక్కా ఎగురుతాంటాది, ఇప్పుడు పాట పాడుతాంటాడు. నా గోడను వాడు రెక్కలు చేసుకోని తిరుగుతాండాడని పండ్లు కొరుకుతాంటి.

అట్లాంటి ఒక ఆదివారం పొద్దున, మోక పక్క కాలవ కింద వరి పండించే కోస్తా రైతుల ఇంటామె అంగడికొచ్చె. మాకు వాడుక బేరం. వస్తానే నాయన మీద పడె. "ఏవండీ శెట్టిగారూ, మీ చిన్నబ్బాయి ఇలా ఉన్నాడేవిటి? దారిలో మూటతో సైకిల్ తోసుకుంటూ పోతుంటే, విప్పి చూపించు బాబూ, నచ్చితే నీ చేత్తోనే బోణీ చేస్తానన్నాను. ససేమిరా అన్నాడండీ!"

నాయన మొగం నల్లబడె. మా ఇండ్లల్లో బోణీ బేరాన్ని కాదంటే, గడపకొచ్చిన లక్ష్మిని తరిమినట్లే. నాకైతే నిజంగా పండగే. రానీ, ఈ పొద్దు వీపు చింతపండే అనుకుంటి.

వాడు రాంగానే నాయన అడిగె. "బోణీ బేరం కాదంటివంట. ఆదివారం నీకు మూట ఎందుకురా?"

వాడు అనె: "మూట విప్పితే లోపల బొంత కనపడదా నాయనా?"

"అది సరే. అసలు కట్టుకోని పోయేదెందుకు? ఎక్కి తొక్కక?"

"నేను ఎక్కి తొక్కితే, ఇంట్లో సైకిల్ ఉండి అన్న మాత్రం ఎందుకు తోస్తాండాడు అని అడగరా? మా ఇంట్లో ఎవరికీ తొక్కేది రాదని చెప్పినా."

నాయన వాని తల మీద చెయ్యి పెట్టి లోపలికి పాయె.

అంటే ఇన్ని ఆదివారాలూ వాడు తోసుకుంటానే తిరిగినాడు. చేతులొదిలి తొక్కేటోడు, బజారంతా 'సైకిల్ గూడా రాదా నీకు' అని నవ్వుతాంటే తలొంచుకోని తోసినాడు. నాకు కండ్లల్లో నీళ్లొచ్చిన మాట నిజం. కోపం గూడా వచ్చె. ఇన్నాళ్లూ కుళ్లి కుళ్లి నేను ఊహించుకున్న గాలి, దారి, పాట, ఏదీ లేకపాయె. నేను కుళ్లుకునేదానికి గూడా వాడు ఏమీ మిగల్చలేదు. పైగా మంచితనంలో గూడా వాడే ముందు!

ఆ యేడు నేను పరీక్ష రాస్తి, గద్దె మీద కూచుంటి. మా బజారుకు ఈపొద్దుటికీ మేం సైకిల్ రాని అన్నదమ్ములమే.

కానీ ఆ బోణీ గొడవ అయిన పై ఆదివారం సంగతి బజారుకు తెలీదు. "రేయ్, పద" అని ఇద్దరం మూటతో సైకిల్ తోసుకుంటా ఊరు దాటి, మోక దారి పడితిమి. చివరి ఇల్లు కనపడకుండా పోయినాక ఆగితిమి. బొంత మెత్తగా ఉండె, దాని మీదనే నేనెక్కి కూచుంటి.

"ఇప్పుడు తొక్కు" అంటి.

"పడిపోతావేమోన్నా."

"నోరు మూసుకోని తొక్కరా."

వాడు తొక్కె. ఏం తొక్కినాడు! జొన్న చేండ్లు వెనక్కి పోతాండె. వాని చొక్కా ఉబ్బి నా మొగాన కొడతాండె. గాలంతా ముందర కూచున్న వానికే తగిలి, మిగిలింది నాకొస్తాండె.

"రేయ్, పక్కకు వంగురా," అని అరిస్తి, "నాక్కూడా తగలనీ!"