కోటయ్య పక్క కుర్చీ

ఈ వ్యాసంలోని ప్రతి అక్షరమూ సత్యమని నా రెండు కళ్ళమీద ఒట్టేసి చెబుతున్నాను. అద్దంకిలో నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ చదవడం ఆపొద్దు. ఎందుకంటే నా ప్రాణమిత్రుడు, టెంట్‌హౌస్ కోటయ్య ఇక లేడు. ఈ మంగళవారం నిద్రలోనే గుండె ఆగి దివంగతుడయ్యాడు. ఆ వార్త నాకు చెప్పింది దానియేలు. కోటయ్యతో ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసిన మనిషి. కాపురం అనే రాశాను, అచ్చుతప్పు కాదు. "అన్నా, లేపుతుంటే లేవట్లేదు" అన్నాడు. ఎరువుల కొట్టు తెరవబోతున్నవాణ్ణి, తాళాలగుత్తి తలుపుకే వదిలేసి పరుగెత్తాను.

ఈ చుట్టుపక్కల శుభాశుభ కార్యాలన్నిటికీ నీడనిచ్చినవాడు కోటయ్య. షామియానా, కుర్చీలు అతనివి. దీపాలూ మైకూ దానియేలువి. పెళ్ళికొచ్చిన ప్రతి పెద్దమనిషీ కుర్చీలో సర్దుకోగానే, "ఏరా కోటయ్యా, నీ పెళ్ళెప్పుడు?" అనేవాడు. "అందరి పెళ్ళిళ్ళకీ టెంటు నేనేస్తున్నా. నా పెళ్ళికి ఎవరేస్తారు బాబాయ్? అందుకే టెంటు లేకుండా కానిచ్చేశా" అనేవాడు కోటయ్య, దానియేలు వంక చూస్తూ.

ఆ ధైర్యం నిన్నమొన్నటిది కాదు. యౌవనంలో తనకు పిల్లను చూడొద్దనీ, తన మనసు మగవాళ్ళమీదేననీ ఇంట్లో చెప్పేశాడు. దయ్యం పట్టిందని తండ్రి భూతవైద్యుణ్ణి రప్పించాడు. వాకిట్లో కోటయ్యను కూర్చోబెట్టి, ఎదురుగా నిప్పులమీద బుట్టెడు ఎండుమిరపకాయలు పోశారు. ఆ ఘాటుకు వీధంతా దగ్గింది. ఎక్కడో రెండు గంటల ప్రయాణమంత దూరంలో, నల్లపాడు స్టేషన్లో దిగిన ప్రయాణికులు సైతం తుమ్మారు. భూతవైద్యుడు పత్తిచేలకు అడ్డంపడి పరుగెత్తాడు. మిరప కల్లాల్లో పెరిగిన కోటయ్య మాత్రం కళ్ళు తుడుచుకుని, "నాన్నా, ఇవి రంగుపోయిన తాలుకాయలు. దయ్యాన్ని తోలాలంటే మంచి కాయ పొయ్యాలి. అయినా ఇక్కడ దయ్యమేదీ లేదు. ఉన్నది నేనొక్కణ్ణే" అన్నాడు. గోడ అవతల నిలబడి, చెవులారా విన్నాను.

దైవభక్తి లేనివాడనుకునేరు. ఇద్దరి సంగతీ తెలిసి, చర్చి పెద్దలు దానియేలును పాటల బృందంలోంచి తప్పించారు. మరుసటి ఆదివారం కోటయ్య నుదుట నిలువు నామం దిద్దుకుని చర్చికి వెళ్ళి, మొదటి వరుసలో దానియేలు పక్కన కూర్చుని, రాని పాటలన్నీ గొంతెత్తి పాడాడు. శ్రుతి భరించలేక వాళ్ళే దానియేలును మళ్ళీ పిలిచారు. "దేవుడు చేసిన మనిషిని దేవుడి దగ్గరే దాక్కోమంటే ఎట్టా?" అని నాతో అన్నాడు.

ఒక ఆసామి వాళ్ళ చేతి పందిరి శుభకార్యానికి పనికిరాదన్నాడు. ముహూర్తాల రోజుల్లో ఊళ్ళో మరో టెంటు దొరక్క, చివరికి తిరిగొచ్చాడు. కోటయ్య కోపగించుకోలేదు. ఒక్కటే అడిగాడు: "పంక్తిలో మా ఇద్దరికీ పక్కపక్కన ఆకులు వెయ్యాలి." వేశారు. "గుంజ లోతుగా పాతుకుంటే గాలి దాని దారిన అదే పోద్ది" అన్నది అతని సిద్ధాంతం.

శ్మశానవాటికలో ఆ సిద్ధాంతమే గెలిచింది. కొరివి పట్టుకున్న కోటయ్య అన్నగారు సుబ్బారావు చితిచుట్టూ తిరిగి ఆగిపోయాడు. వెనక నిలబడ్డ దానియేలును పిలిచి, "నువ్వు పెట్టవయ్యా. వాడి ఇంటిమనిషివి నువ్వే" అంటూ కొరివి అందించాడు. ఒక్క గొంతూ అడ్డురాలేదు.

కోటయ్య గుంజలు పాతిన గుంటలు ఈ ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ ఉన్నాయి. అన్నీ పూడతాయి. అతను వదిలివెళ్ళిన గుంట పూడేది కాదు. ఆ మహామనస్వికి నా అశ్రుతర్పణం.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక ఘట్టం నేను కల్పించాను. మిరపకాయల పొగ కాదు. నల్లపాడు ప్రయాణికుల దగ్గర కాస్త చెయ్యి జారిందేమోగానీ, అది జరిగింది. నేను కల్పించింది శ్మశానం. అక్కడ కొరివి చేతులు మారలేదు. "బంధువులందరూ చూస్తారు, నువ్విక్కడే ఉండు" అని సుబ్బారావు దానియేలును ఇంటి దగ్గరే ఆపేశాడు. ఆ రోజు వాకిట్లో షామియానా కట్టింది దానియేలే. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేసిందీ అతనే. మనలో ఒక్కరూ అతన్ని కూర్చోమనలేదు.

ఆ అబద్ధం చదివినప్పుడు మీకు బాగానే అనిపించి ఉంటుంది. మరి దాన్ని నిజం చెయ్యడానికి ఏమిటి అభ్యంతరం? వచ్చే వారం ఆదివారం పెద్దకర్మ. టెంటు నేను వేయిస్తున్నాను. కోటయ్య పటం పక్కన మొదటి కుర్చీ దానియేలుది. ఈ మాట సుబ్బారావుకు ముందే చెబితే, "జనం ఏమనుకుంటారయ్యా?" అన్నాడు. జనం అంటే మీరే. రండి. ముందు దానియేలును పలకరించి, తర్వాత మీ కుర్చీలో కూర్చోండి.

ఆ కుర్చీలోంచి అతన్ని లేపుదామనుకునే పెద్దలకు ఒక్క మనవి. ఇన్నేళ్ళుగా ఈ ఊరి గురించి లేనివన్నీ కల్పించి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఇంకా మొదలుపెట్టలేదు.