పుంజు కింది గోనెపట్టా

ఆ సాయంత్రం జగ్గయ్యపేటలో నేను పనిచేసే బట్టలకొట్టు నుంచి బయటపడి నందిగామ బస్సెక్కాను. పక్కసీట్లో ఒక పెద్దావిడ ఒళ్లో గోనెపట్టా పరిచి కోడిపుంజును పెట్టుకుంది. దాని పాదం ఒకటి ఉబ్బిపోయి ఉంది.

"ఏమైందండీ?" అన్నాను.

"వాకిలంతా సిమెంటు చేయించామమ్మా. గట్టినేల మీద తిరిగి అరికాళ్లు ఒరుసుకుపోయి వాచినయ్యి. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో నానబెట్టి, కింద గడ్డి పరిచా. ఒకటి తగ్గింది. ఇది మాత్రం వేడిగా ఉంది, చీము పట్టినట్టుంది. పొద్దున్నే పశువుల డాక్టరుకి చూపిస్తా."

నా పాదాలూ వాచే ఉన్నాయి, చెప్పులు విప్పి చూపించాను. ఆవిడ వంగి నా పాదం మీద చెయ్యి పెట్టి చూసింది. అంత పెద్దావిడ నా కాలు ముట్టుకుంటే వెనక్కి లాక్కోవాలి. నాకు ఆ ఓపిక కూడా లేదు.

"నీది వేడి లేదులే. నిలబడీ నిలబడీ వచ్చిన వాపు. కొట్లో కూర్చోనియ్యరా?"

"కుర్చీలున్నది బట్టలు కొనేవాళ్లకండీ."

ఆవిడ నందిగామలో దిగేటప్పుడు పుంజును చంకలో పెట్టుకుని, ఆ గోనెపట్టా మడిచి నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

ఇప్పుడు కౌంటరు వెనక దాని మీదే నిలబడుతున్నాను. కోడి వాసన వస్తోందని మా ఓనరు రోజూ అంటాడు. నేను తియ్యను.