పర్లేదుకు అయిదు నక్షత్రాలు

సిడ్నీ శివారు ద పాండ్స్‌లో విజయభాస్కర్‌ను ఎరగని తెలుగువాళ్లు తక్కువ. రైస్ కుక్కరైనా, పళ్ల డాక్టరైనా, పిల్లకు సంగీతం చెప్పే టీచరైనా, ఎన్ని నక్షత్రాలున్నాయో చూడందే ఆ మనిషి గడప తొక్కడు. బ్యాంకులో డేటా చూసే ఉద్యోగం. ఆ తెలివి ఇంటికొచ్చినా దిగేది కాదు. పెళ్లి కూడా నక్షత్రం చూసే చేసుకున్నాడు, కాకపోతే అది జాతకంలోది.

తల్లి శేషుకుమారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, ఉద్యోగాలు చేసుకుంటూ ఇంట్లో చూసుకోవడం భార్యాభర్తల వల్ల కాలేదు. నర్సింగ్ హోమ్ వెతకాల్సి వచ్చింది. ఇంకేముంది, మహానుభావుడికి పండగే! చుట్టుపక్కల హోమ్‌లన్నిటినీ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాడు. ఎక్కడ ఎంతమంది జారిపడుతున్నారు, ఎంతమందికి పుండ్లు పడుతున్నాయి, ఎంతమంది చిక్కిపోతున్నారు, అన్నిటికీ మార్కులు వేశాడు. ఓసారి వెళ్లి చూసొద్దాం, లోపల వాసనెట్టా ఉందో తెలుస్తుందని భార్య కాత్యాయని అంటే నవ్వాడు.

"వాసనకి కాలమ్ లేదు కాత్యా. దిస్ ఈజ్ డేటా."

అయిదు నక్షత్రాల హోమ్ దొరికింది. ముందు గదిలో పియానో, రంగు చేపల తొట్టి. తమ కంపెనీలో నక్షత్రాలు నిలబెట్టిన మేనేజరుకు బోనస్ ఇస్తారని మేనేజరమ్మే గొప్పగా చెప్పుకుంది. ఇన్సెంటివ్ ఉంటేనే క్వాలిటీ వస్తుందని విజయభాస్కర్ తల ఊపి, తల్లిని అక్కడే చేర్చాడు. దేనికి బోనస్ ఇస్తే ఆ పనే జరుగుతుందనీ, ఇక్కడ ఇస్తున్నది నక్షత్రాలకే తప్ప ముసలమ్మలకు కాదనీ ఆ బుర్రకు తట్టలేదు.

కొన్నాళ్లకు, నక్షత్రాలు లెక్కగట్టడానికి అక్కడున్న వాళ్లను ప్రశ్నలడిగే సర్వే అమ్మాయి ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చింది. ఫోన్లో తెలుగు దుబాసీని పిలుస్తానంటే, "నో నీడ్, ఐ యామ్ ద సన్," అని విజయభాస్కర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, తిండి ఎట్టా ఉంది?"

"పర్లేదురా."

"వెరీ గుడ్," అని చెప్పాడు ఆ అమ్మాయికి. "పిలిస్తే వస్తన్నారా?"

శేషుకుమారి గుమ్మంలో నిలబడ్డ మేనేజరు వైపు చూసింది. "పర్లేదు."

"ఆల్వేస్. అమ్మా, నొప్పులేమన్నా ఉన్నాయా?"

ఆవిడ దుప్పటి కింద కాలు జరుపుకోబోయి ఆగిపోయింది. "పర్లేదులే నాయనా."

"నో పెయిన్ ఎటాల్."

ఆ ఇంట్లో పర్లేదంటే ఏమిటో గోడలకు కూడా తెలుసు. కోడలి సాంబారు పర్లేదు అందంటే ఆ పూట గిన్నె సింకులో వంపాల్సిందే. కూతురికి వచ్చిన సంబంధం చూసి కుర్రాడు పర్లేదు అందంటే ఇక ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. మర్యాద తెలిసిన తెనాలి మనిషి, పరాయివాళ్ల ముందు అంతకన్నా గట్టిగా అనదు. విజయభాస్కర్‌కు తెలియక కాదు. అమ్మ పర్లేదన్న చొక్కా వేసుకుని అతనెప్పుడూ గడప దాటలేదు. కానీ ఇప్పుడు నిజం చెబితే స్ప్రెడ్‌షీట్ తప్పయిపోదూ? తల్లి ఏమైపోయినా సరే, తన లెక్క మాత్రం చెక్కు చెదరకూడదు. ఇలాంటి కొడుకుల్ని తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

హోమ్‌కు మళ్లీ అయిదు నక్షత్రాలు వచ్చాయి. మేనేజరుకు బోనస్ వచ్చింది. విజయభాస్కర్ స్నేహితుల బార్బెక్యూ విందులో ఫోను తీసి అందరికీ చూపించాడు. "రెసిడెంట్స్ ఎంత హ్యాపీగా ఉన్నారో చూడండి, సిడ్నీలోనే టాప్!" ఆ సంతోషంలో కొంత తన చేత్తో వండి వడ్డించిందేనన్న సంగతి అప్పటికే మరిచిపోయాడు.

ఒక ఆదివారం కాత్యాయని అత్తగారి కాళ్లకు కొబ్బరినూనె రాద్దామని మేజోడు లాగబోయింది. అది మడమకు అతుక్కుపోయి ఉంది. నీళ్లతో తడిపి తీస్తే కింద ఇంత పుండు. కాలమ్ లేదన్న వాసన గదంతా నిండింది.

విజయభాస్కర్ మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ తొణకలేదు, బెణకలేదు.

"బట్ యూ టోల్డ్ అస్," అంది మెత్తగా. "నో పెయిన్ ఎటాల్."

కాత్యాయని మొగుణ్ణి ఒక చూపు చూసింది. "నా సాంబారుకైతే అర్థమవుద్దే మీకు," అంది. అతను ఫోను తీసి అంబులెన్స్‌ను పిలిచాడు.

ఆసుపత్రిలో నర్సు పుండు చూసి మొహం చిట్లించింది. నొప్పి ఎలా ఉందో అడగమంది.

"అమ్మా, నొప్పి ఎట్టా ఉంది?"

"పర్లేదురా."

విజయభాస్కర్ నర్సు వైపు తిరిగాడు.

"వెరీ బ్యాడ్," అన్నాడు. "షీ సేస్, వెరీ వెరీ బ్యాడ్."

శేషుకుమారికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. కళ్లు తెరిచి కొడుకు మొహంలోకి చూసింది.

"అదేరా నాయనా," అంది. "ఆ హోములో చేర్చిన కాణ్ణించీ నేను చెబుతా ఉంది అదేగా."