నెమ్మెక్కిన గది

ఆ సందులో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలిచేవాళ్లు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సినంత ఇరుకు సందు. కింది అంతస్తులో వాళ్లకు రెండు గదులు. వెనక గదిలో పొయ్యి, కుళాయి. ముందు గదిలో కుట్టుమిషను, ఇనప బీరువా, అత్తగారి మంచం. పిల్లల్లేరు. ఉన్నది అత్తాకోడళ్లిద్దరే.

ఆమె భర్త పిండిమరలో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి పిండి పీల్చీ పీల్చీ ఛాతీ దెబ్బతింది. చివరి చలికాలమంతా మంచానికే అతుక్కుపోయాడు. కాస్త చల్లగాలి తగిలితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చి మనిషిని వంచేసేది. ఒకరోజు ఎక్కడలేని ఓపికా తెచ్చుకుని లేచి, పాత పేపర్లు సన్నగా మడిచి, కిటికీ రెక్కల సందుల్లో ఒక్కొక్కటే కుక్కాడు. వెనక గది తలుపు పైనున్న గాలికంతకు అట్టముక్క బిగించాడు.

"చూడు, ఇక ఈగ కూడా దూరదు," అన్నాడు ఆయాసపడుతూనే, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

ఆయన చేతులారా చేసిన ఆఖరి పని అదే. ఆ చలి వెళ్లకముందే ఆయన వెళ్లిపోయాడు.

ఆ తర్వాత టైలరమ్మ కిటికీ జోలికి పోలేదు. ఊడ్చేటప్పుడు కూడా ఆ మడతల మీదికి చీపురు పోనిచ్చేది కాదు. కాలం మారింది, ఎండలొచ్చాయి, మళ్లీ వానలొచ్చాయి. కిటికీ మాత్రం మూసింది మూసినట్టే ఉంది. ఇల్లు గడవాలంటే మిషను ఆగకూడదు, ఇస్త్రీ ఆగకూడదు. తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెడితే బుస్సున ఆవిరి లేచేది. వెనక గదిలో మూతలేని గిన్నెలో నీళ్లు కాగుతూ ఉండేవి. ముసురు పట్టిన రోజుల్లో ఉతికిన బట్టలన్నీ ముందు గదిలోనే దండెం మీద ఆరేవి. ఆ ఆవిరికి బయటికి పోయే దారి లేదు. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలు ఏడ్చినట్టు కారుతుండేవి.

మొదట బీరువా వెనక గోడ బూడిదరంగుకు తిరిగింది. తర్వాత మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు లేచాయి. ఆమె సబ్బునీళ్లతో కడిగింది, సున్నం కొట్టింది. అది నాలుగురోజులు తెల్లగా నవ్వి, బొబ్బలెక్కి రాలిపోయింది. చుక్కలు మళ్లీ లేచాయి. ఈసారి మంచం వైపుకి పాకాయి.

అత్తగారికి దగ్గు పట్టుకుంది. ఆవిడ నోరు మాత్రం తగ్గలేదు. "గోడకీ నెమ్మే, నా గుండెలకీ నెమ్మే. ఇద్దరం ఒక ఈడువాళ్లం, కబుర్లు చెప్పుకుంటున్నాం లేవే," అనేది గోడ మీద చెయ్యి వేసి. కోడలు నవ్వేది కాదు.

ఒకనాడు ఆ సందు చివర ఉండే ఆస్పత్రి నర్సమ్మ, తన కూతురి గౌను తీసుకెళ్లడానికి వచ్చింది. ఆ పిల్ల బడిలో వేదిక మీద పాట పాడబోతోంది. తెల్లటి గౌను, అంచంతా పూలకుట్టు. టైలరమ్మ ప్రాణం పెట్టి కుట్టింది. గోడ మేకుకు తగిలించి ఉంచిన ఆ గౌను తీసి చూస్తే, వెనకవైపు అంచు పొడవునా సన్నటి నల్లమచ్చలు! టైలరమ్మ మచ్చ మీద గోటితో గీకింది. అది పోకపోగా ఇంకాస్త అలుముకుంది.

నర్సమ్మ గొడవ చెయ్యలేదు. అదే టైలరమ్మకు ఎక్కువ బాధనిపించింది. "పోనీలెండి, పిల్లకి ఇంకో గౌనుంది," అని, బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. మంచం వంక చూసింది. గొంతు తగ్గించి అడిగింది. "టైలరమ్మా, ఈ వాసనలోనేనా పెద్దావిడ పడుకునేది? ఆ దగ్గు వింటుంటే నాకు భయంగా ఉంది. ఒకసారి చూపించండి. దానికంటే ముందు ఈ గోడ సంగతి చూడండి."

ఆ మర్నాడే టైలరమ్మ తన బాబాయికి కబురు పెట్టింది. ఆయన తాపీమేస్త్రి. వచ్చీ రాగానే గోడంతా అరచేత్తో తడిమాడు, మెటికతో కొట్టి చూశాడు, బయటికెళ్లి గొట్టాలు చూసొచ్చాడు.

"పైనుంచి కారడం లేదమ్మా. గొట్టం కూడా బాగానే ఉంది. అయినా ఊరికే అనడం ఎందుకు, గోడనే అడుగుదాం," అంటూ ఒక ప్లాస్టిక్ కవరు కోసి, గోడకు నాలుగువైపులా టేపుతో గట్టిగా అంటించాడు. "రెండ్రోజులాగి వస్తా. తడి కవరు వెనకుంటే గోడది తప్పు. ముందుంటే మనది."

మళ్లీ వచ్చి చూసేసరికి కవరు ముందువైపంతా చెమటబొట్లు. వెనక పొడిగా ఉంది.

"చూశావా? ఇది మీ ఊపిరి, మీ గిన్నెల ఆవిరి, ఆ దండెం మీది తడి. పోయే దారి లేక చల్లటి గోడ దొరికితే దాన్ని పట్టుకుంటోంది. రంగులు, మందులు అని నువ్వేం తగలెయ్యక్కర్లేదు. గిన్నెల మీద మూతలు పెట్టు. వండేటప్పుడు మధ్య తలుపు మూసెయ్. బట్టలు మేడమీద రేకుల కింద ఆరెయ్. బీరువాని గోడకి బెత్తెడు ఎడంగా జరుపు. పొద్దునా సాయంత్రం కాసేపు ముందూ వెనకా తెరిచిపెట్టు." అలా చెబుతూ కిటికీ దగ్గరికి నడిచి, మడతపేపరు ఒకటి పట్టుకుని లాగబోయాడు. "ముందు ఈ చెత్తంతా..."

"ముట్టుకోకు!"

ఆ కేకకు ముసలావిడ మంచంమీద లేచి కూర్చుంది. బాబాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇంకేదైనా చెప్పు బాబాయ్. అన్నీ చేస్తాను. అది మాత్రం వద్దు," అంది టైలరమ్మ.

ఆయనకు అప్పుడు అర్థమైంది. చెప్పులు వేసుకున్నాడు. "నీ ఇల్లమ్మా, నీ ఇష్టం. ఎప్పుడు పిలిచినా వస్తాను," అని వెళ్లిపోయాడు.

ఆమె కిటికీ, బీరువా తప్ప ఆయన చెప్పినవన్నీ చేసింది. మూతలు పెట్టింది, బట్టలు మేడెక్కించింది, పొద్దున్నే అద్దాలు పొడిగుడ్డతో తుడిచి, గుడ్డను బయట పిండింది. చెమ్మ కాస్త తగ్గినట్టే కనిపించింది గాని పోలేదు. అత్తగారి దగ్గు మాత్రం ముదిరింది. ఆస్పత్రిలో మందులిచ్చారు, మంచి గాలి తగలాలన్నారు. తిరిగొచ్చాక ఆవిడ మంచం మీద వాలి, చాలాసేపు కిటికీకేసి చూస్తూ ఉండిపోయింది.

"అమ్మాయ్, ఇలా రా. ఒక మాట అడుగుతాను, కోప్పడకు."

టైలరమ్మ వెళ్లి మంచం పట్టెమీద కూర్చుంది.

"వాడు నీకు మొగుడు. నాకు కడుపున పుట్టినవాడు. ఆ కాగితాలు వాడు కుక్కుతుంటే నేనూ చూశాను. ఎందుకు కుక్కాడు? ఊపిరాడక. ఇప్పుడు నాకూ ఊపిరాడట్లేదే. వాడే ఉంటే అవి వాడే పీకేవాడు కాదూ?" ఆవిడ దగ్గి, ఊపిరి కూడదీసుకుంది. "ఇన్నాళ్లూ అడగలేకపోయాను. నువ్వు ఏమైపోతావోనని భయం."

కోడలు ముసలావిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడే తెలిసింది ఆమెకు. తన దుఃఖాన్ని ఈవిడ దగ్గుతూ మోస్తోందా అనిపించింది. కాసేపటికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

మడతలు తేలిగ్గా రాలేదు. తడికి నాని చెక్కకు అతుక్కుపోయాయి. లాగితే ముద్దముద్దగా, నల్లగా చేతికొచ్చాయి. ఆయన వేళ్లు పెట్టిన మడత ఒక్కటైనా మడతగా మిగల్లేదు. ఆమె ఏడుస్తూనే అన్నీ తీసింది. రెక్కలు ఉబ్బి బిగుసుకున్నాయి. ముసలావిడ మంచం దిగి వచ్చి, తనూ భుజం ఆనించింది. ఇద్దరూ కలిసి నెట్టేసరికి కిర్రుమంటూ తెరుచుకుంది. సందులోంచి చల్లటి గాలి గుప్పున ముఖానికి కొట్టింది.

బాబాయి వచ్చి వెనక గది అట్టముక్క తీసేశాడు. బీరువా జరపడానికి అందులోవన్నీ కిందికి దించాల్సి వచ్చింది. భర్త చొక్కాలు పైఅరలో ఉన్నాయి. ఆమె వాటిని తీసి చూసి ఎన్నాళ్లయిందో. మడతల్లోకి బూజు పాకి, పట్టుకుంటే పీలికలయ్యాయి. ఉన్ని కోటు ఒక్కటే పనికొచ్చేలా కనిపించింది. దాన్ని మేడమీద ఎండలో పరిచి, పక్కనే కూర్చుని సాయంత్రం దాకా తిప్పి తిప్పి ఎండబెట్టింది. తర్వాత కత్తిరించి, కొత్త లోగుడ్డ వేసి, అత్తగారి కొలతకు కుట్టింది. ముసలావిడ అది తొడుక్కుని చేతులు చూసుకుంది. "నా కొడుకు భుజాలు నాకెక్కడివే," అని నవ్వబోయి, నవ్వలేక ముఖం తిప్పుకుంది.

గోడ ఒక్కసారిగా ఏమీ మారలేదు. ఆరడానికి వేసవంతా పట్టింది. నల్లచుక్కలను తడిగుడ్డతో తుడిచేసి, పూర్తిగా ఆరాకే బాబాయి సున్నం వేశాడు. మరుసటి చలికాలం ఒక మూల మళ్లీ నల్లబడితే, టైలరమ్మ కంగారుపడకుండా తుడిచి, మిషను అక్కణ్నుంచి జరిపింది. అత్తగారి దగ్గు పూర్తిగా పోలేదు గాని, మాట మధ్యలో విరిగిపోయేది కాదు. మంచం కిటికీ పక్కకు మారింది. పక్కింటి ఆడవాళ్లు ఆవిడతో కబుర్లకు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేవాళ్లు. సందులో ఎవరింట్లో ఏం జరిగినా, అందరికంటే ముందు ఆవిడకే తెలిసేది.

రెండు చలికాలాలు అలా గడిచాక, ఒక ఉదయం కబురు మధ్యలోనే ఆవిడ కన్నుమూసింది. మాట్లాడుతున్న పక్కింటామె బదులు కోసం చూసి, రాకపోయేసరికి, "టైలరమ్మా!" అని గట్టిగా పిలిచింది.

ఆ రోజంతా మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఆవిడను సాగనంపి అందరూ వెళ్లిపోయాక, తోడుగా ఆగిన పక్కింటామె చలిగా ఉందని కిటికీ మూయబోయింది.

"ఉండనీయండి, కాసేపాగి నేనే మూస్తాను," అంది టైలరమ్మ. మంచంమీది దుప్పటి తీసి మేడమీద ఆరెయ్యడానికి మెట్లెక్కింది.